మన్నూ భండారీ కథను కత్తిరిస్తే పోయేదేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో హిందీ కథల అనువాదాలు అడపాదడపా వస్తున్నాయి. సంతోషమే. కానీ హిందీ రచయిత్రి మన్నూ భండారీ కథ వచ్చినప్పుడు రెండు పొరపాట్లు తరచుగా కనిపిస్తున్నాయి. పరిచయంలో 'రజనీగంధా సినిమాకు మూలకథ రాసినావిడ, రాజేంద్ర యాదవ్ సతీమణి' అని ఒక వాక్యం వేసి ఊరుకోవడం మొదటిది. పేజీలో పట్టించడానికి కథను కుదించడం రెండోది. మొదటిది మర్యాదకు సంబంధించిన విషయం. రెండోది కథ ప్రాణానికే ముప్పు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ రెండోదాని గురించే, అయినా పరిచయం సంగతి ముందు తేల్చుకోవడం మంచిది.

ఆమె 1931 ఏప్రిల్ 3న మధ్యప్రదేశ్‌లోని భాన్‌పురాలో పుట్టారు. పెట్టిన పేరు మహేంద్ర కుమారి. ఇంట్లో పిలిచే 'మన్నూ'నే రచయిత్రిగా ఉంచుకున్నారు, పెళ్లయ్యాక కూడా ఇంటిపేరు మార్చుకోలేదు. తండ్రి సుఖ్‌సంపత్ రాయ్ భండారీ నిఘంటుకర్త, సంస్కరణవాది. ఇండోర్‌లో ఆర్థికంగా దెబ్బతిని కుటుంబంతో అజ్మీరు చేరారు. బ్రహ్మపురీ పేటలోని ఆ రెండంతస్తుల ఇంటిని గుర్తుంచుకోవాలి. పైన పుస్తకాల మధ్య తండ్రి, కింద అక్షరం రాని తల్లి. కూతురు చదవాలి, దేశం సంగతులు తెలుసుకోవాలి అని తండ్రికి కోరిక. ఆ కూతురే వీధిలోకి వచ్చి అబ్బాయిల మధ్య నినాదాలిస్తే ఆయన పరువు పోయినట్టు మండిపడేవారు. ఈ రెండు ముఖాల మనిషిని ఆమె తన ఆత్మకథనం 'ఏక్ కహానీ యహ్ భీ'లో ఎంత ప్రేమతో, ఎంత నిర్మొహమాటంగా రాశారో సీబీఎస్‌ఈ పదో తరగతి హిందీ చదివిన పిల్లలకు తెలుసు. ఆ పాఠం 'క్షితిజ్' పుస్తకంలో ఉంది.

అందులో ఒక్క మాట అనువాదకులకు పరీక్ష. వంటింటిని తండ్రి 'భటియార్‌ఖానా' అంటారు. నిఘంటువు చూస్తే సత్రపు వంటశాల, మన మాటలో పూటకూళ్లిల్లు. దాన్ని 'వంటగది' అని సరిపెడితే ఆయన కోపం పోతుంది. అక్కడికి వెళ్తే ఆడపిల్ల తెలివి పొయ్యిలో మాడి బూడిదవుతుందని ఆయన భయం. అదే ఇంట్లో రోజంతా ఆ పొయ్యి ముందే ఉన్నది ఆయన భార్య. ఆ మాట వెనక ఆమె కూడా ఉంది. 'పూటకూళ్లిల్లు' అంటేనే ఆ రెండూ వినిపిస్తాయి.

అజ్మీరు సావిత్రీ బాలికల కళాశాలలో హిందీ చెప్పిన శీలా అగర్వాల్ ఆమెకు పుస్తకాలను ఎంచి చదవడం నేర్పారు. 1946, 47 నాటి సమ్మెలు, ఊరేగింపుల్లోకి దింపినదీ ఆవిడే. ఆ తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయంలో బీఏ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో హిందీ ఎంఏ. కలకత్తాలో బాలీగంజ్ శిక్షా సదన్, రాణీ బిర్లా కళాశాల, 1964 నుంచి 1991 వరకు ఢిల్లీ మిరాండా హౌస్‌లో అధ్యాపకత్వం. 1957లో మొదటి సంపుటి 'మైఁ హార్ గయీ', తర్వాత 'తీన్ నిగాహోఁ కీ ఏక్ తస్వీర్', 'యహీ సచ్ హై', 'ఏక్ ప్లేట్ సైలాబ్', 'త్రిశంకు'. నవలల్లో 'ఆప్‌కా బంటీ' 1971లో, 'మహాభోజ్' 1979లో వచ్చాయి. 2021 నవంబర్ 15న కన్నుమూశారు. హిందీ కథకుడు రాజేంద్ర యాదవ్‌తో పెళ్లి 1959లో. ఒకే కప్పు కింద ఎవరి జీవితం వారిదన్న ఆయన 'సమాంతర జీవితం' సూత్రం ఆమెకు ఎంత ఖరీదైందో ఆమే రాసి పెట్టారు. ఆమెను భర్త పేరుతో పరిచయం చేసేవారు ఆ పేజీలు చదివి ఆ పని చేయాలి. మోహన్ రాకేశ్, కమలేశ్వర్, రాజేంద్ర యాదవ్ అని హిందీలో 'నయీ కహానీ' (కొత్త కథ) ఉద్యమ త్రయాన్ని వల్లించి, ఆమె పేరు నాలుగోదిగా తగిలించడం కూడా అలాంటి అలవాటే. ఆ ఉద్యమంలో ఇల్లాలి లెక్కలు, ఉద్యోగం చేసే అమ్మాయి అలసట, ముసలామె ఎదురుచూపు కథకు కేంద్రమయ్యాయంటే అది ఉషా ప్రియంవద, కృష్ణా సోబ్తీ, ఈమె చేసిన పని.

ఇక కత్తిరింపుల సంగతి. 'అకేలీ' (ఒంటరిది) కథ తీసుకోండి. సోమా బువా ముసలిది, భర్త వదిలేసినది, ఒంటరిది. కొడుకు హర్ఖూ పోయిన దిగులుతో భర్త సన్యాసం పుచ్చుకున్నాడు. పదకొండు నెలలు హరిద్వారంలో, ఒక నెల ఇంట్లో. ఇరుగుపొరుగు ఇళ్లలో పెళ్లి, పేరంటం, చావు ఏది జరిగినా పిలవకపోయినా వెళ్లి ఆమె చాకిరీ చేసి వస్తుంది. పిలవని చోటికి వెళ్లావని ఇంట్లో ఉన్న ఆ ఒక్క నెలా భర్త సాధిస్తాడు. మరిదివైపు దూరపు బంధువుల పెళ్లి ఊళ్లో జరుగుతోందని, పిలుపు వస్తుందని ఎవరో చెబుతారు. చేతిలో డబ్బు లేదు. చనిపోయిన కొడుకు గుర్తుగా దాచుకున్న ఒకే ఒక ఉంగరాన్ని పక్కింటి రాధ చేతికిచ్చి అమ్మిస్తుంది. ఆ డబ్బుతో చీర, వెండి కుంకుమ భరిణె. తన పాత చీరకు పసుపుపచ్చ రంగు అద్దించి గంజి పెట్టుకుంటుంది. కొత్త గాజులు వేసుకుంటుంది. పళ్లెంలో చీర, భరిణె, ఒక కొబ్బరికాయ, కాసిని బతాసాలు సర్దుతుంది. ముహూర్తం అయిదింటికి. పిలుపు రాదు. ఏడవుతుంది. సామాను పెట్టెలో పెట్టి ఆమె కుంపటి అంటిస్తుంది.

కుదించేవారి కన్ను ముందుగా ఎక్కడ పడుతుందంటే గంజి, రంగు, బతాసాలు, కానుకల గురించి రాధతో జరిపిన సంభాషణ, ఇలాంటి చోట్ల. 'కథ నడవడం లేదు, తీసేద్దాం' అనిపిస్తుంది. నిజానికి కథ నడిచేది అక్కడే. ఆ ముసలామె గౌరవం కోసం ఎంత ఖర్చు పెట్టిందో పాఠకుడు ఒక్కొక్క వస్తువుగా లెక్క పెట్టుకుంటేనే, చివర ఆ వస్తువులు ఒక్కొక్కటిగా పెట్టెలోకి వెళ్తుంటే గుండె పట్టేస్తుంది. పళ్లెం సర్దడం తీసేసి ఎదురుచూపు మాత్రం ఉంచితే మిగిలేది జాలికథ. మన్నూ భండారీ జాలికథలు రాయలేదు. స్త్రీవాదం గురించి ఒక్క వాక్యం కూడా ఆ కథలో లేదు. సన్యాసి అయిన భర్తకు వదిలి వెళ్లే హక్కు, తిరిగొచ్చి తిట్టే హక్కు రెండూ ఉన్నాయని, ఆమెకు పక్కింటికి వెళ్లే హక్కు కూడా లేదని ఆ వస్తువుల జాబితా, ఆ గడియారం చెబుతాయి.

'క్షయ్' కథలోనూ అంతే. కుంతి టీచరు. తండ్రికి క్షయ, తమ్ముడి చదువు తన మీద. డబ్బున్నవారి అమ్మాయికి ట్యూషన్ ఒప్పుకుంటుంది. ఆ అమ్మాయికి చదువు రాదు. ఒక్కో వారం ఒక్కో చిన్న రాజీ. ఆ మెట్లలో రెండు తీసేస్తే చివర కుంతికి వచ్చే దగ్గు ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది. 'సజా' (శిక్ష)లో దోషం చేయని తండ్రి మీద కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. నిర్దోషి అని తీర్పు వచ్చేసరికి ఆ ఇల్లు శిక్ష అనుభవించేసి ఉంటుంది. మధ్య వాయిదాలు విసుగు పుట్టించాలి. ఆ విసుగే ఆ కథ వస్తువు.

కుదింపుకు చెప్పే కారణం పదాల పరిమితి. అక్కడే లెక్క తప్పుతోంది. హిందీలో విభక్తులు విడి మాటలు. 'రాధా కే ఘర్ మేఁ' నాలుగు మాటలు, 'రాధ ఇంట్లో' రెండే. పైగా తెలుగు మాట పొడవు. కాబట్టి మూలం పదాల సంఖ్య చూసి భయపడటం, తెలుగు పదాల సంఖ్య చూసి ధైర్యపడటం రెండూ పొరపాటే. అనువాదం పూర్తయ్యాక పేజీలో పోసి చూసి, అప్పుడు నిర్ణయించుకోవాలి. పట్టకపోతే రెండు వారాలు వేయండి, కత్తిరించకండి. విరిచే చోటు కూడా కథను బట్టి ఉంటుంది. 'యహీ సచ్ హై'ని కాన్పూర్, కలకత్తా అని రచయిత్రే భాగాలు చేసి పెట్టారు, ఊరు మారే చోట ఆపితే నష్టం లేదు. 'అకేలీ'ని మాత్రం విరవకూడదు. అయిదు నుంచి ఏడు వరకు ఆ ముసలామెతో పాటు పాఠకుడూ ఒకే బిగిన కూర్చోవాలి.

కత్తిరించకపోయినా అనువాదంలో జారిపోయేవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది క్రియ. హిందీలో 'నేను' అన్నవారు ఆడో మగో క్రియే చెప్పేస్తుంది. 'మైఁ హార్ గయీ' అన్న పేరులో ఆ చివరి దీర్ఘం వినగానే ఓడిపోయింది స్త్రీ అని తెలుస్తుంది. 'నేను ఓడిపోయాను' అన్న తెలుగులో ఆ స్త్రీ మాయం. ఆ కథలో రచయిత్రి అయిన కథకురాలు ఆదర్శ నాయకుణ్ణి సృష్టిద్దామని కూర్చుంటుంది. ముందు పేద ఇంట్లో పుట్టిస్తుంది, దరిద్రం అతన్ని తొక్కేస్తుంది. ధనవంతుల ఇంట్లో పుట్టిస్తే విలాసాలు ముంచేస్తాయి. కలం పట్టిన ఆడది మగ నాయకుణ్ణి తయారుచేయబోయి చేతులెత్తేయడంలో ఉన్న చురుకు తెలుగు పాఠకుడికి అందాలంటే మొదటి రెండు పేరాల్లోనే ఆమె స్త్రీ అని సహజంగా తెలిసే ఏర్పాటు చేయాలి. ఎదుటివాళ్ల పిలుపుతో అది అయిపోతుంది. 'ఆడదాన్నైన నేను' అని అతికించడం మాత్రం వద్దు, అది ఆమె గొంతు కాదు.

మూడో మనిషి దగ్గర చిక్కు తిరగబడుతుంది. హిందీలో సోమా బువాకు ఒక్క సర్వనామంతో పని జరిగిపోతుంది. తెలుగులో ఆమె, ఆవిడ, అది అన్న మూడింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. ఒక్కోటీ ఒక్కో తీర్పు. కథనంలో 'ఆమె' ఉంచి, ఊళ్లోవాళ్ల నోట 'ఆవిడ', 'ఆ ముసలిది' కలగలిపితే ఆమెకు ఎదురయ్యే మర్యాద, అమర్యాద రెండూ తెలుస్తాయి. 'బువా' అంటే మేనత్త. ఇక్కడ పేటంతా పిలిచే వరస. 'సోమత్త' బాగుంటుంది కానీ తెలుగులో అత్త అంటే భర్త తల్లి కూడా కాబట్టి, మొదటిసారి ఒక చిన్న మాటతో మేనత్త వరస అని తేల్చి తర్వాత 'సోమత్త'గా నడిపించవచ్చు. 'ఆంటీ' మాత్రం వేయకూడదు.

'యహీ సచ్ హై' (ఇదే నిజం)లో సమస్య కాలం. దీప డైరీలా తన మనసు రాసుకుంటుంది. కాన్పూరులో పరిశోధన చేస్తూ సంజయ్‌ని ప్రేమిస్తుంది. అతను ఆలస్యంగా వస్తాడు, రజనీగంధ పూలు తెస్తాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్తే, ఒకప్పుడు విడిపోయిన నిశీథ్ అక్కడ సాయం చేస్తాడు, పాత ప్రేమ మళ్లీ లేస్తుంది. ఏ క్షణంలో ఎవరు ఎదురుగా ఉంటే అదే నిజం. అందుకే కథ వర్తమానంలో నడవాలి. తెలుగులో 'సంజయ్ వస్తాడు' అంటే రోజూ వస్తాడనో, రేపు వస్తాడనో అర్థమొస్తుంది. అది తప్పించుకోవడానికి అనువాదకులు 'వచ్చాడు' అనేస్తారు. అంతే, కథ అయిపోయిన సంగతిగా మారిపోతుంది. దీప అన్నీ తెలిసి చెబుతున్నట్టు, పాఠకుడు ఆమెకు తీర్పు చెప్పేటట్టు తయారవుతుంది. దీనికి రెండు దారులు పనిచేస్తాయి. 'వస్తున్నాడు' లాంటి రూపం కీలకమైన చోట్ల వాడటం, మిగతా చోట్ల క్రియ లేకుండా రాయడం. 'తలుపు దగ్గర సంజయ్. చేతిలో పూలు.' తెలుగుకు ఇది సహజమే. పూల పేరు కూడా చూసుకోవాలి. మన పూలకొట్లో వీటిని లిల్లీలంటారు, నిఘంటువులో నేలసంపెంగ. ఈ కథకు రాత్రి, సువాసన రెండూ ధ్వనించే 'రజనీగంధ' అని ఉంచేయడమే మేలు. దీప ఇద్దరినీ 'తుమ్' అంటుంది. తెలుగులో 'మీరు' పెడితే పెళ్లి కాకుండానే ఆమెను ఇల్లాలిని చేసేసినట్టు. 'నువ్వు' అనాలి, ఇద్దరితోనూ.

ఈ కథ ఆధారంగా 1974లో బాసు చటర్జీ తీసిన 'రజనీగంధా' మంచి సినిమా. అందులో ఊళ్లు ఢిల్లీ, బొంబాయి అయ్యాయి, నిశీథ్ నవీన్ అయ్యాడు. ఆ మార్పులు రచయిత్రికి అభ్యంతరం కాలేదు. అనువాదకులు మాత్రం సినిమా చూసిన జ్ఞాపకంతో కథలో సంజయ్ వేషం వేసిన అమోల్ పాలేకర్ మంచితనం కలపకూడదు. కథలో సంజయ్ అంత ముద్దుగా ఉండడు.

మార్పులన్నిటినీ ఆమె ఒప్పుకున్నారని దీనివల్ల అనుకోకూడదు. సంపాదకులు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగే చిన్న పిల్లవాడి కళ్లతో రాసిన నవల 'ఆప్‌కా బంటీ'. తల్లి శకున్ కళాశాల ప్రిన్సిపాల్. మళ్లీ పెళ్లి చేసుకోవడం ఆమె హక్కు. పిల్లవాడి దుఃఖం కూడా నిజమే. రెండింటిలో దేన్నీ తగ్గించకుండా రాయడం ఆ నవల ఘనత. దాని ఆధారంగా 'సమయ్ కీ ధారా' సినిమా తయారైంది. తన నవలను వికృతం చేశారని మన్నూ భండారీ కోర్టుకు వెళ్లారు. 1986లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్‌కు మన దేశంలో మూలస్తంభంగా నిలిచింది. హక్కులు అమ్మేసిన తర్వాత కూడా రచన రూపం చెడకుండా చూసుకునే హక్కు రచయితకు ఉంటుందని, మాధ్యమం మారినప్పుడు అవసరమైన మార్పులు చేసుకోవచ్చుగానీ అసలు రచన వేరే రచన అయిపోయేటంతగా చేయకూడదని ఆ తీర్పు సారాంశం. నిజానికి అప్పటికే రెండు పక్షాలూ రాజీకి వచ్చాయి, సినిమాలో ఆమె పేరు, నవల పేరు ఉండకూడదన్నది ఆ రాజీ. అయినా చట్టం అర్థం తేలాలని తీర్పు కోరారు. తన ఒక్కదాని పని అయిపోయాక కూడా, తర్వాతివారికోసం నిలబడటమంటే ఇదే. అలాంటి రచయిత్రి కథ చివరి పేరా స్థలం చాలక తీసేయడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

ఆచరణలో చేయాల్సింది పెద్దగా లేదు. మన చట్టంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అంటే ఆమె రచనలకు 2081 చివరి వరకు. అనువాదానికి అనుమతి తప్పనిసరి. పుస్తకాలు చాలావరకు ఢిల్లీ రాధాకృష్ణ ప్రకాశన్ నుంచి వచ్చాయి కనుక ముందు అక్కడికి రాయాలి. ఆ ఉత్తరంలో కథ పేరు, ఏ సంపుటిలోది, ఏ భాషలోకి, అచ్చులో మాత్రమేనా, వెబ్‌సైట్‌లోనూ ఈ-పేపర్‌లోనూ కూడానా, ఒకసారా లేక తర్వాత పుస్తకంగానూనా, పారితోషికం ఎంత అన్నవి విడివిడిగా ఉండాలి. అచ్చుకని తీసుకున్న అనుమతితో వెబ్‌సైట్‌లో పెట్టేయడం తరచుగా జరిగే తప్పు. కుదించే ఉద్దేశం ఉంటే అదీ ముందే రాసి, ఏ పేరాలు పోతాయో చూపించి ఒప్పించుకోవాలి. 57వ సెక్షన్ హక్కును వారసులూ వినియోగించుకోవచ్చు. ఒప్పందం లేని కుదింపును 'సంక్షిప్త అనువాదం' అని అడుగున వేసినంత మాత్రాన ఆ హక్కు నుంచి తప్పించుకోలేరు.

కథల ఎంపికలోనూ కొంచెం వెడల్పు కావాలి. తెలుగులో అబ్బూరి ఛాయాదేవి కథలు ఇష్టపడి చదివినవారికి 'త్రిశంకు' వెంటనే పట్టుబడుతుంది. ప్రేమ పెళ్లి చేసుకుని, ఆధునికులమని మురిసిపోయే అమ్మానాన్నలు కూతురు తనూ ఎదురింటి కుర్రాళ్లతో స్నేహం చేయగానే ఎలా కంగారుపడతారో, అమ్మలోంచి తాతయ్య ఎలా బయటికొస్తాడో కూతురే చెబుతుంది. ఆమె హాస్యం ఎంత మెత్తనిదో ఈ కథలో తెలుస్తుంది. 'స్త్రీ సుబోధినీ' పేరే పాతకాలపు స్త్రీనీతి పుస్తకాల ధోరణిలో ఉంటుంది. పెళ్లయిన పై అధికారిని ప్రేమించి మోసపోయిన ఉద్యోగిని తోటి ఆడవాళ్లకు హితవు చెబుతుంది. దాన్ని అనువదించేటప్పుడు పాత నీతిపుస్తకాల గ్రాంథిక వాసన కొంచెం ఉంచాలి, లేకపోతే ఎత్తిపొడుపు ఎగిరిపోతుంది. 'మజ్‌బూరీ'లో మనవణ్ణి పెంచి, మళ్లీ కోడలికి అప్పజెప్పాల్సి వచ్చిన బామ్మ. అందులో కోడలు కూడా తప్పు కాదు. 'రాణీ మాఁ కా చబూత్రా'లో తాగుబోతు మొగుణ్ణి వెళ్లగొట్టి, పిల్లల్ని గుడిసెలో పెట్టి తాళం వేసి కూలికి పోయే గులాబీ, ఆమెను చెడ్డతల్లి అని తిట్టిపోసే ఊరి ఆడవాళ్లు. ఈ నాలుగూ వేస్తే ఆమెను 'మధ్యతరగతి ప్రేమకథల రచయిత్రి' అని ఎవరూ అనరు.

'మహాభోజ్' కథ కాదు కాబట్టి క్లుప్తంగా. 1977లో బిహార్‌లోని బెల్చీలో దళితుల ఊచకోత తర్వాత వచ్చిన నవల అది. దళిత యువకుడు బిసేసర్ శవం చుట్టూ ఎన్నికల రాజకీయం ఎలా విందు చేసుకుంటుందో చెబుతుంది. ధారావాహికగా వేయాలనుకునే పత్రికకు ఇంతకంటే బిగువైనది హిందీలో దొరకడం కష్టం. ఒక్క జాగ్రత్త. అందులో దా సాహబ్ అనే ముఖ్యమంత్రి ఎప్పుడూ గొంతు పెంచడు, గీత ఉటంకిస్తాడు, ఇంట్లో సాదాగా ఉంటాడు. అనువాదంలో అతనికి సినిమా విలన్ భాష పెడితే నవల అక్కడే పడిపోతుంది. అతని ప్రతి మాటా నమ్మబుద్ధి అయ్యేటట్టు ఉండాలి.

మీ పత్రికలో ముందుగా 'అకేలీ' పూర్తిగా, ఒకే ఆదివారం, అనువాదకుల పేరు రచయిత్రి పేరు కిందే అదే సైజులో, మూల సంపుటి పేరుతో వేయవలసిందిగా మనవి. పరిచయానికి నాలుగు వరుసలు చాలు: భాన్‌పురా, అజ్మీరు, మిరాండా హౌస్, 1986 తీర్పు. బొమ్మ వేయించే పక్షంలో చిత్రకారుడికి కథ మొత్తం చదివించండి. కన్నీళ్లు పెట్టుకున్న ముసలామె బొమ్మ వద్దు. కొబ్బరికాయ, భరిణె, మడతపెట్టిన చీర ఉన్న ఒక పళ్లెం చాలు.

ఇట్లు,
హిందీ కథల పాఠకులు, అనువాదకుల తరఫున
మీ చందాదారు